గడ్డం కింద మడత

ముందు చప్పుడు వస్తుంది. ఫట్.

చెమ్మ ఇంకా పూర్తిగా వదలని బట్టను రెండు చేతులతో పైకెత్తి ఒక్కసారి విదిలిస్తే వచ్చే చప్పుడు అది. మా మడతల గదికి తలుపు లేదు, వేలాడే గోనెపట్టా ఉంది. పట్టా అవతల నిలబడ్డవాళ్లకు మేం కనపడకముందే ఆ చప్పుడు వినపడుతుంది. ఫట్ అంటే పరదా గాలిలో నిలిచిందన్నమాట. ఆ తరువాత ఒక్క క్షణం నిశ్శబ్దం. అసలు పని ఆ నిశ్శబ్దంలోనే జరుగుతుంది. పరదా నడిభాగాన్ని గడ్డం కింద ఇరికించి, చేతులు చెరో అంచునూ వెతుక్కుని, అంచుకు అంచు కలిపి, పొట్ట మీదుగా జార్చి, మోకాలి దగ్గర మడత వెయ్యాలి. మడత వేసేవాళ్లకు గడ్డమే మూడో చెయ్యి.

మాది పరదాలకు రంగు వేసే కార్ఖానా. బట్ట తొట్టెల గదిలో రంగు తాగుతుంది, మేడ మీద ఆరుతుంది, మా గదిలో మడత పడుతుంది, పక్క గదిలో ఆవిరి ఇస్త్రీకి వెళుతుంది. చివర చెకింగ్ అక్క బల్ల మీద మళ్లీ విప్పుకుంటుంది. ఆమె కళ్లకు దారప్పోగు కూడా దొరికిపోతుంది, గొంతుకు గోడలు అడ్డం రావు. కట్ట బాగుంటే, మడిచినవాళ్ల పేరు గట్టిగా పిలుస్తుంది. మడిచినవాళ్లు ఉన్నచోటు నుంచే "నాదే" అనాలి. అప్పుడే కట్టకు తాడు పడుతుంది. తప్పున్న కట్టకు పేరు పిలవరు. అది నోరు మెదపకుండా వెనక్కి వచ్చి మూల కుప్పలో పడుతుంది. ఎవరి పరువూ పోకూడదని ఎప్పుడో పెట్టుకున్న పద్ధతి అది.

నా కట్టలు బాగుంటే అక్క పిలిచే పేరు "గరుకు".

పేరు పెట్టింది ఇస్త్రీ బావ. అతను ఎవరికీ బావ కాడు, అందరికీ బావే. నేను చేరిన మొదటి వారం, అందరి ముందూ నా ముఖాన్ని కాసేపు పరిశీలనగా చూసి, బట్టలు రెండు రకాలని, నునుపు ఒకటి, గరుకు రెండోదని, ఈ పిల్ల రెండో రకమని తేల్చి చెప్పాడు. గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే నొచ్చుకున్నట్టు తెలిసిపోతుందని నవ్వాను. హాజరు పట్టీలో నా అసలు పేరు ఉంది. అది పొడుగ్గా ఉందని, పిలిచేలోపు కట్ట పాతబడిపోతుందని అక్క అంది. ఆ వారం నుంచి నేను గరుకునే. పిలిచిన ప్రతిసారీ "నాదే" అన్నాను. రోజుకు ఇరవైసార్లు, నా నోటితో నేనే, నాదే, నాదే.

నాకు పద్నాలుగో ఏట మొదలైన మొటిమలు పంతొమ్మిదో ఏటికీ తగ్గలేదు. నుదుటి మీద సన్నగా, బుగ్గల మీద ఎర్రగా, ఎడమ దవడ మీద గట్టిగా, ముట్టుకుంటే ప్రాణం పోయేలా. నాకు అందిన సలహాలకు లెక్క లేదు. ఒంట్లో వేడి అన్నారు, నూనె మానెయ్యమన్నారు, పళ్లపేస్టు పూయమన్నారు, ఐసు ముక్క అద్దమన్నారు. అద్దం చూసుకోవడం మానేస్తే వాటంతట అవే పోతాయని మా పిన్ని అంది. అందరూ నా ముఖంతో మాట్లాడారు, నాతో ఎవరూ మాట్లాడలేదు.

చివరికి ఒక సెలవు రోజున ఎవరికీ చెప్పకుండా చర్మాల డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాను. ఆమె జాలిపడలేదు, మందలించలేదు. దీపం దగ్గరకు జరిపి చూసింది, అంతే. ఇది ఒంటి శుభ్రానికీ నా గుణానికీ సంబంధించినది కాదంది. కాగితం మీద బెంజాయిల్ పెరాక్సైడ్ అని, పక్కన రెండున్నర శాతమని రాసింది. బఠాణీ గింజంత తీసుకుని, మొటిమ మీద మాత్రమే కాకుండా అవి వచ్చే చోటంతా పల్చగా రాయాలంది. మొదట్లో పొడిబారుతుంది, పొట్టు లేస్తుంది, మండితే రోజు విడిచి రోజు రాయాలి, రెండు మూడు నెలలు గడవకుండా తీర్పు చెప్పకూడదు. అన్నీ తలూపుతూ విన్నాను. నేను లేస్తుండగా ఇంకో మాట అంది: తెల్ల తువ్వాలు, తెల్ల దిండుగలీబు వాడు, ఇది రంగు బట్టలను పాడుచేస్తుంది.

మందుల షాపులో నేను నోరు తెరవలేదు. కాగితం బల్ల మీద ముందుకు నెట్టాను. అంత పొడుగు పేరు ఈ ముఖం పెట్టుకుని పదిమందిలో పలకడానికి సిగ్గేసింది.

ఇంట్లో తెల్లగలీబు ఒక్కటీ లేదు. చెల్లీ నేనూ తలపెట్టుకునే దిండుకు అమ్మ కుట్టిన ముదురు ఎరుపు గలీబు ఉంది. దానిని పాడుచేయడం ఇష్టం లేక, రాత్రికి బదులు పొద్దున్నే స్నానం చేసి రాసుకోవడం మొదలుపెట్టాను. బస్సు ఎక్కేలోపు ఆరిపోతుందిలే అనుకున్నాను. డాక్టరమ్మ చెప్పింది దిండు సంగతి కదా, దిండును కాపాడాను. నా తెలివిని నేనే మెచ్చుకున్నాను.

రెండో వారానికి పొట్టు లేచింది. నోటి చుట్టూ చర్మం తెల్లగా పొలుసులు కట్టింది. నీ బుగ్గ మీద అగ్గిపుల్ల గీస్తే వెలుగుతుందని ఇస్త్రీ బావ అన్నాడు. మర్నాడు అదే ముఖంతో, చున్నీ కప్పుకోకుండా, అతని ఎదుట నుంచే నడిచి వెళ్లాను. ఆ మర్నాడూ వెళ్లాను. ఆరో వారానికి కొత్తవి రావడం తగ్గింది. ఎనిమిదో వారానికి ఎడమ దవడ మీది గట్టిది మెత్తబడి, లోపలికి ఇంకి, ఒక రోజు లేకుండా పోయింది. ఎవరికీ చెప్పలేదు. వేలితో తడిమి చూసుకోవడం కూడా నాకు నేనే నిషేధించుకున్నాను. ఐదేళ్ల తరువాత నా ముఖం నా మాట వింటోంది. ఆ సంతోషాన్ని ముట్టుకుంటే చెదిరిపోతుందేమోనని భయం.

సరిగ్గా అప్పుడే నీలం పరదాల మీద మచ్చలు మొదలయ్యాయి.

అప్పటిదాకా మేం మడిచినవన్నీ తెలుపూ లేతరంగులే; పెద్ద వసతిగృహం ఒకటి అన్ని గదులకూ ముదురు నీలం పరదాలు అడిగింది. రంగుల మాస్టారు మూడు రోజులు నమూనాలు వేసి, నలుపుకు ఒక్క మెట్టు ముందు ఆగే నీలాన్ని పట్టారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ తొట్టెలు ఆయనవే. ఆయన మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది. ఆయన ఎవరినీ పేరు పెట్టి పిలవరు. నలభై దాటిన చెకింగ్ అక్కను కూడా "అమ్మాయ్" అంటారు.

మొదటి రోజు రెండు పరదాల మీద అర్ధరూపాయంత మచ్చలు కనపడ్డాయి. తుప్పు రంగు, అంచులు పాలిపోయి. మర్నాటికి ఆరు. ఆ తరువాత రోజూ ఆరేడు. మచ్చ ఇస్త్రీ అయ్యాకే తేలుతోంది. ఇస్త్రీ బావ తన పలక మీద తెల్లబట్ట వేసి రుద్ది చూపించాడు, బట్ట తెల్లగానే ఉంది. ఇక మిగిలింది రంగే. రంగు బట్టను సరిగా పట్టలేదని, ఆవిరి తగలగానే వదిలేస్తోందని యజమాని తేల్చాడు.

తప్పున్న కట్టలకు పేరు పిలవరు కాబట్టి, ఆ మచ్చల పరదాలన్నీ ఎవరు మడిచినవో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. పరువు కోసం పెట్టుకున్న పద్ధతి నన్ను నాకే కనపడకుండా దాచింది.

మాస్టారు ఒక తొట్టె నిండా ఉన్న రంగును కాలవలోకి వదిలేశారు. తొట్టెలోకి దిగి తన చేతులతో తోమారు. నీళ్లు మార్చారు, రంగు పట్టడానికి వేసే ఉప్పును రెండుసార్లు తూచారు, మళ్లీ వేశారు. మళ్లీ మచ్చలే. ఆయనకు చూపు మందగించిందని ఒకరన్నారు. మార్చాల్సింది కళ్లజోడు కాదు, కళ్లనే అని ఇస్త్రీ బావ అన్నాడు. యజమాని చెడ్డవాడు కాదు, కానీ ఒప్పుకున్న గడువు దగ్గరపడుతోంది. శనివారంలోగా కారణం తేలకపోతే సోమవారం నుంచి తొట్టెల దగ్గర వేరే మనిషి ఉంటాడని చెప్పాడు. మాస్టారు తలూపారు. వాదించలేదు. ఆయన వాదించకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లారు. మూల కుప్ప గదిలోకి పొర్లుతోందని, కనీసం సర్ది పెడదామని ఒక మచ్చల పరదా తీసుకుని విదిలించాను. ఫట్. నడిభాగం గడ్డం కింద పెట్టుకున్నాను. అంచులు కలుపుతూ కిందికి చూస్తే మచ్చ లేదు. ఇందాక ఉన్న మచ్చ ఏమైందని గడ్డం ఎత్తాను. నా గడ్డం కిందే ఉంది.

రెండో పరదా తీశాను. మచ్చ గడ్డం కిందికే వచ్చింది. మూడోది తీశాను. అదీ అంతే, కాస్త ఎడమకు, నా దవడకు కొలత తీసి పెట్టినట్టు. పొద్దున్న నేను మందు కాస్త ఎక్కువ రాసే చోటు అదే.

రుజువు చేసుకోవాలి. తుడుపుకు వాడే నీలం గుడ్డపేలిక ఒకటి తీసుకుని దవడ మీద ఒత్తిపెట్టాను. పక్క గదిలోకి వెళ్లి, ఆవిరి పలక కింద పెట్టి, పలక దించి, ఇరవై లెక్కపెట్టి ఎత్తాను. నీలం మధ్యలో తుప్పు రంగు మచ్చ, నా వైపే చూస్తూ.

మిగిలిన మధ్యాహ్నమంతా గడ్డం తాకించకుండా మెల్లగా మడిచాను. ఎవరూ గమనించలేదు. అప్పుడే తెలిసింది, నేను నోరు మూసుకుంటే చాలునని. రేపటి నుంచి మచ్చలు రావు. కొత్త మనిషి చెయ్యి మంచిదంటారు. మాస్టారి చూపే పోయిందంటారు. నా ముఖం గురించి ఎవరూ ఏమీ అనరు. ఇంత సులువైన అన్యాయం నా చేతికి ఎప్పుడూ దొరకలేదు.

సాయంత్రం అమ్మకు చెప్పాను. అమ్మ లోపలికి వెళ్లి నా నీలం చొక్కా తెచ్చి, కాలర్ తిప్పి చూపించింది. మెడ చుట్టూ తుప్పు రంగు పాకి ఉంది. నెల రోజులుగా సబ్బును తిడుతున్నానని, పాపం సబ్బు అని అంది. తరువాత నవ్వు ఆపేసి, ఆ మందు మానెయ్యమంది. ముఖం ఎలా ఉన్నా పని ఉంటే బతుకుతాం, పని పోతే ముఖం ఏం చేసుకుంటామంది. ఎవరికీ చెప్పొద్దంది. ఆ మాట నా మీది ప్రేమతోనే అంది. అందుకే ఎదురు చెప్పడం కష్టమైంది.

"మాస్టారి ముఖం కూడా ముఖమేగా అమ్మా," అన్నాను.

అమ్మ చొక్కా మడిచి పెట్టింది.

శనివారం పొద్దున్న మందు రాసుకునే బయలుదేరాను. గొట్టాన్ని సంచిలో వేసుకున్నాను. అందరినీ తొట్టెల గదికి రమ్మన్నారు. యజమాని నెమ్మదిగా మాట్లాడుతున్నాడు, ముప్పై ఒక్క ఏళ్ల సేవ అనే మాట రెండుసార్లు వచ్చింది. మాస్టారు నడుముకు కట్టుకున్న రబ్బరు గుడ్డ విప్పారు. దాన్ని మడవబోయారు, అంచులు కలవలేదు. అన్నేళ్లు బట్టల మధ్య గడిపిన మనిషికి మడత పెట్టడం రాదు. ఆ వంకర మడత చూసేసరికి నా గొంతు దానంతట అదే తెరుచుకుంది.

"మచ్చలు తొట్టెలోవి కావు సార్. నావి."

ఇస్త్రీ బావ నిట్టూర్చాడు. "నీ మచ్చలు నీ దగ్గరే ఉన్నాయిగా గరుకూ. మేం ఎవరం అడగలేదే."

నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు. నవ్వు అయ్యేదాకా ఆగాను. పదిమంది నవ్వుతుంటే నవ్వకుండా నిలబడటం ఇంత తేలికని ముందే తెలిసి ఉంటే బాగుండేది. సంచిలోంచి మచ్చపడ్డ పేలిక తీసి యజమాని చేతిలో పెట్టాను. నేను మొటిమలకు మందు రాసుకుంటున్నానని, అది రంగును తినేస్తుందని, పరదా నడిమిని గడ్డం కింద పెట్టినప్పుడు అంటుకుని ఆవిరి తగిలాక బయటపడుతోందని చెప్పాను. కావాలంటే కుప్పలో ఏ పరదా అయినా తెప్పించండి, నా గడ్డానికి పెట్టి చూడండి అన్నాను. చెకింగ్ అక్క రెండు తెచ్చింది. మచ్చలు వచ్చి నా దవడ కింద కూర్చున్నాయి. ఇక ఎవరూ నవ్వలేదు.

"ఏం మందది?" యజమాని అడిగాడు.

"బెంజాయిల్ పెరాక్సైడ్," అన్నాను. అంత పొడుగు పేరు ఒక్క చోట కూడా తడబడకుండా వచ్చింది.

మాస్టారు చెయ్యి చాపారు. గొట్టాన్ని కళ్లకు దూరంగా పట్టుకుని అక్షరాలు కూడబలుక్కున్నారు. మూత తీసి వాసన చూశారు. ఆయన ముఖంలో రెండు వారాలుగా లేని వెలుగు వచ్చింది.

"మనం తెల్లబట్ట తొట్టెలో పోసేదానికీ దీనికీ ఇంటిపేరు ఒకటే, పెరాక్సైడ్," అన్నారు. "రంగు తీసే వంశమే ఇది."

అంతలోనే ఆ వెలుగు కోపంగా మారింది. "ఒక తొట్టె రంగు కాలవలో పోశాను. రెండు వారాలు నా చేతుల్ని నేనే అనుమానించాను. ముందే చెప్పలేకపోయావా?"

"నిన్న మధ్యాహ్నమే తెలిసింది మాస్టారూ. నిన్నే చెప్పాల్సింది. సిగ్గుపడ్డాను."

ఆయన నన్ను చాలాసేపు చూశారు. ఆ చూపులో క్షమించినట్టు లేదు, క్షమించనట్టూ లేదు. రబ్బరు గుడ్డ దులిపి మళ్లీ నడుముకు కట్టుకున్నారు. ఎవరి అనుమతీ అడగలేదు. యజమాని కూడా ఏమీ అనలేదు.

నాతో మాత్రం అన్నాడు. అయిందేదో అయింది, ఇవాళ్టి నుంచి ఆ మందు మానెయ్యమన్నాడు. మానలేకపోతే ముఖానికి గుడ్డ చుట్టుకుని రమ్మన్నాడు. రెండూ కుదరకపోతే మడతల గదిలో చోటు లేదన్నాడు. అతని దృష్టిలో అది దయే.

నాకు పద్నాలుగో ఏటి నుంచి అందిన సలహాలన్నీ ఆ ఒక్క మాటలో కలిసి వచ్చినట్టయింది. మానెయ్. దాచుకో. తప్పుకో.

"మానను సార్," అన్నాను. "ముఖానికి గుడ్డ కట్టుకోను. రాత్రిపూట రాసుకుంటాను, పొద్దున్నే కడుక్కుని వస్తాను. అయినా గడ్డానికి బట్ట తాకనివ్వను. మారాల్సింది మడత. నా ముఖం కాదు."

మాట ఎంత దూరం వెళ్లిందో అన్నాక తెలిసింది, కానీ వెనక్కి తీసుకోవాలనిపించలేదు. తడిబట్ట వేలాడేసే ఇనుప కడ్డీ ఒకటి గోడకు ఆనించి ఉంది. దాన్ని తెచ్చి, నా భుజం ఎత్తున ఉన్న రెండు కొక్కేలకు అడ్డంగా పెట్టాను. ఒక పరదా తీసుకున్నాను. ఫట్. నడిమిని కడ్డీ మీద వేశాను. చేతులు అంచులకు వెళ్లాయి, అంచుకు అంచు కలిసింది, లాగాను, జారింది, మోకాలి దగ్గర మడత పడింది. మొదటిది వంకరొచ్చింది. విప్పి మళ్లీ వేశాను. రెండోది కుదిరింది.

నెమ్మదిగా ఉందన్నాడు యజమాని. రెండు రోజుల్లో చెయ్యి తిరుగుతుందన్నాను. చెకింగ్ అక్క నన్ను పక్కకు జరిపి తనూ ఒకటి వేసి చూసింది. ఆమె ఒకప్పుడు మడతల గదిలోనే పదేళ్లు చేసింది.

"ఇదిగో సార్," అంటూ తన గడ్డం ఎత్తి, కింద కాయకాచిన చోటు చూపించింది. "ఈ కడ్డీ అప్పుడే పెట్టుంటే ఇది ఉండేది కాదు. మెడనొప్పి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ పిల్లని మాన్పించాలంటే మాన్పించుకోండి, కడ్డీని మాత్రం ఉండనివ్వండి."

"పిల్ల ఉంటేనే కడ్డీ," అన్నారు మాస్టారు, తొట్టెలోకి చూస్తూ.

యజమాని మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. మచ్చల పరదాల మాటేమిటని అడిగాడు. నలుపు ఎక్కించి ఇంకొకరికి ఇవ్వచ్చని, నలుపును ఓడించే మందు ఈ పిల్ల ముఖం మీద కూడా లేదని మాస్టారు అన్నారు. యజమాని పెదవి చివర కదిలింది. ఇంకో మూడు కడ్డీలు తెప్పించమని చెప్పి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మాస్టారు గోనెపట్టా తొలగించి మా గదిలోకి వచ్చారు. ఆయన ఈ గదిలోకి రావడం నేను అంతకుముందు చూడలేదు. రంగు ఎక్కించని తెల్లబట్ట ముక్క ఒకటి నా బల్ల మీద పెట్టారు, అంచులు కలవని మడతతో.

"దిండుకి," అని వెళ్లిపోయారు.

నేను మా గదిలో బిగించుకున్న కడ్డీ దగ్గరికి తిరిగాను. సాయంత్రానికి పదకొండు పరదాలు మడిచాను, మామూలు కన్నా బాగా తక్కువ. అవి ఇస్త్రీకి వెళ్లాయి. ఇస్త్రీ బావ ఒక్కొక్కదాన్నీ వెలుతురుకు ఎత్తి చూశాడట, ఒక్క మచ్చా లేదట. కట్ట చెకింగ్ బల్ల మీదికి చేరింది. విప్పిన చప్పుడు, చేత్తో నిమిరిన చప్పుడు, మళ్లీ మూసిన చప్పుడు గోడ అవతల నుంచి వినపడ్డాయి.

"గరుకూ," అని అక్క పిలిచింది.

నేను అంచులు కలుపుతున్నాను. కలుపుతూనే ఉన్నాను.

"గరుకూ." ఈసారి ఇంకా గట్టిగా. పక్కనున్నవాళ్లు నా వైపు చూశారు. తాడు కట్టే మనిషి అవతల ఆగిపోయాడు కాబోలు, తాడు బిగించిన చప్పుడు రాలేదు. నేను పెదవి విప్పలేదు.

పట్టా తొలగించి అక్క తల లోపలికి పెట్టింది. "ఏమ్మా, వినపడలేదా? ఈ కట్ట నీది కాదూ?"

"కట్ట నాదే అక్కా. ఆ పేరు నాది కాదు."

చిరాకు పడుతుందనుకున్నాను. అక్క తల వెనక్కి తీసుకుంది. హాజరు పట్టీ తెరిచిన చప్పుడు, పేజీలు తిరగేసిన చప్పుడు, వేలు ఒక వరుస వెంట మెల్లగా జారి ఆగిన నిశ్శబ్దం. పెదవుల మధ్య ఒకసారి సర్ది చూసుకుంది కాబోలు. తరువాత గోడలు అడ్డం రాని ఆ గొంతు, తొట్టెల గది దాకా, మేడ దాకా, ఇస్త్రీ పలక దాకా, ఒక్క అక్షరమూ మింగకుండా పిలిచింది.

"సౌదామిని."